‘బ్లాక్ వాటర్’: తెప్ప మీద తీరిగ్గా కూర్చుని పాడిన పాట

(సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఇవాళ ఒకే ఒక్క పాట గురించి మాట్లాడతాను. డూబీ బ్రదర్స్ అనే అమెరికన్ రాక్ బృందం 1974లో విడుదల చేసిన ‘బ్లాక్ వాటర్’. పాట మిసిసిప్పీ నది మీద. అయితే దాన్ని హిట్ చేసింది మిసిసిప్పీ కాదు, ఆ నదికి వందల మైళ్ల అవతల వర్జీనియా కొండల్లో పారే ఒక చిన్న ఏరు. ఆ ఏటికీ ఈ పాటకూ పేరు తప్ప ఏ చుట్టరికమూ లేదు. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు పాడినవాళ్ల సంగతి.

డూబీ బ్రదర్స్‌లో అన్నదమ్ములెవరూ లేరు. ‘డూబీ’ అంటే గంజాయి చుట్ట. (నవ్వులు) 1970లో కాలిఫోర్నియాలోని శాన్ హొసేలో మొదలైన బృందం. సాంటా క్రూజ్ కొండల్లో ఒక బారులో వాయించేవాళ్లు. వినడానికి వచ్చేవాళ్లలో మోటార్‌సైకిళ్ల ముఠాలవాళ్లు ఎక్కువ. తోలు కోట్లు, గడ్డాలు, బీరు. అలాంటి జనం ముందు నిలబడాలంటే గట్టిగా వాయించాలి. ఇద్దరు డ్రమ్మర్లతో ఆ పని బాగానే చేశారు. ప్రధాన గాయకుడు టామ్ జాన్‌స్టన్. ‘లిజన్ టు ద మ్యూజిక్’, ‘లాంగ్ ట్రెయిన్ రన్నిన్’, ‘చైనా గ్రోవ్’ వంటి హిట్లన్నీ అతను రాసి పాడినవే. గిటారును కొట్టినట్టు వాయిస్తాడు. ఆ కుడిచేతి విసురే ఆ బృందానికి గుర్తింపు.

ఆ పక్కన ఇంకో గిటారిస్టు ఉన్నాడు, ప్యాట్రిక్ సిమన్స్. ఇతని దారి వేరు. పాత జానపద, బ్లూస్ వాయిద్యకారుల్లా వేళ్లతో ఒక్కొక్క తీగా మీటుతూ వాయిస్తాడు. ఆల్బమ్‌కు ఒకటో రెండో పాటలు ఇస్తాడు. కచేరీ సగంలో జనం కాస్త ఊపిరి పీల్చుకోవడానికి పనికొచ్చే పాటలు, అంతే. రికార్డు కంపెనీ కళ్లన్నీ జాన్‌స్టన్ మీదే.

ఒకరోజు స్టూడియోలో రికార్డింగుకీ రికార్డింగుకీ మధ్య ఖాళీలో సిమన్స్ ఊరికే ఒక గిటారు ముక్క వాయించుకుంటున్నాడు. అద్దం అవతల కూర్చున్న నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ మైకులో అడిగాడట, అదేమిటి అని. ఏదో ఊరికే వాయించుకుంటున్నానన్నాడు ఇతను. దానికి పాట కట్టమని ఆయన సలహా. ఈ సంగతి సిమన్సే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ ముక్కే ఇప్పుడు మనం వినే పాటకు మొదలు. చిన్న ముక్క, తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తుంటుంది. అందుకే పాట ఎక్కడికో పోతున్నట్టు ఉండదు, ఉన్నచోటే తేలుతున్నట్టు ఉంటుంది. నీళ్ల మీద పాటకు అంతకంటే ఏం కావాలి?

మాటలు మిసిసిప్పీ ఒడ్డునున్న న్యూ ఓర్లిన్స్‌లో వచ్చాయి. కచేరీ కోసం వెళ్లిన సిమన్స్ మాసిన బట్టలు మూటగట్టుకుని, ఉతుక్కోవడానికి ట్రామ్ ఎక్కాడు. సెయింట్ చార్లెస్ వీధిలో ఇప్పటికీ ఆ ట్రామ్ నడుస్తోంది. ఆకుపచ్చ రంగు, చెక్క సీట్లు, 1920ల నాటి బండ్లు. పైన ఎండ కాస్తూనే వాన మొదలైంది. మనమైతే కుక్కకీ నక్కకీ పెళ్లి అంటాం. అతను అది చూసి, వానొస్తే రానీ నాకేం, ఊరి పైవైపు పోయే ఆ ట్రామ్ ఎక్కుతా అనే అర్థంలో చరణం కట్టేశాడు. లాండ్రీకి పోతూ దొరికిన చరణం అన్నమాట. నేను విన్న పాటల పుట్టుక కథల్లో నమ్మబుద్ధేసే కథ ఇదొక్కటే. మిగతావన్నీ కలలో వచ్చాయంటారు.

ఆ ఊరికి వెళ్లినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. వీధిలో నిలబడితే నది కనిపించదు. కరకట్ట అడ్డం. ఊళ్లో చాలా భాగం నది మట్టం కంటే పల్లంలో ఉంటుంది, కట్ట మీదుగా ఓడ పైభాగం మాత్రం మన తలకంటే ఎత్తున పోతుంటుంది. నది కనబడకపోయినా దారి చెప్పేది మాత్రం నదిని బట్టే. ఎగువ వైపు, దిగువ వైపు, నది వైపు, సరస్సు వైపు. ఉత్తరం దక్షిణం అంటే అక్కడెవరికీ అర్థం కాదు, నది అంత వంకర తిరిగి ఉంటుంది. కాబట్టి సిమన్స్ ఎక్కిన ట్రామ్ ఎగువకు పోతోంది, పాటలో తెప్పేమో దిగువకు పోతుంది.

ఇప్పుడు ఒకసారి పాట వినేద్దాం.

(పాట వినిపించారు.)

మధ్యలో ఫిడేలులా వినిపించింది చూశారా, అది వయోలా. నోవీ నోవోగ్ అనే ఆమె వాయించింది. వయొలిన్ కంటే గొంతు కాస్త బరువు. ఫిడేలు పెట్టి ఉంటే పాట పల్లెటూరి డాన్స్ పాట అయిపోయేది. వయోలా పెట్టారు కాబట్టి హుషారుతో పాటు కాస్త మబ్బు కూడా పట్టింది. పాట మొత్తంలో నాకు బాగా నచ్చిన ఎంపిక అదే.

మాటలు కూడా విన్నారు. తెప్ప కట్టుకున్నాడు, నది పిలుస్తోంది, చేప ఎగురుతోంది, స్టీమరు చక్రం దబదబమంటోంది, చందమామా నా మీద కాస్తూనే ఉండు, నల్లని నీళ్లూ పారుతూనే ఉండండి, నాకు దిగుల్లేదు, తొందర అసలే లేదు. అంతే. ఆ చేప క్యాట్‌ఫిష్, మన వాలుగల జాతి. అది సాధారణంగా అడుగున బురదలో మేత వెతుక్కునే చేప, అంత సరదాగా ఎగరదు. ఇక మిసిసిప్పీ నీళ్లు నల్లవీ కావు. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రుతో గోధుమ రంగులో ఉంటాయి. నిజంగా నల్లగా ఉండే నదులు అమెరికా దక్షిణాదిలో వేరే ఉన్నాయి. అడవుల్లో రాలిన ఆకులు నాని నాని, నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. ఫ్లోరిడాలో పారే సువానీ అలాంటిది.

సువానీ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. స్టీఫెన్ ఫాస్టర్ 1851లో ఆ నది మీద రాసిన పాట ఎంత పాతుకుపోయిందంటే, 1935లో ఫ్లోరిడా దాన్ని రాష్ట్ర గీతం చేసుకుంది. ఫాస్టర్‌ది ఎక్కడో ఉత్తరాన ఉన్న పిట్స్‌బర్గ్. ఆయన ఆ నదిని జన్మలో చూడలేదు. ముందు వేరే నది పేరు పెట్టుకుని, అది కుదరక, మ్యాపులో వెతికి ఈ పేరు తీసుకున్నాడు. 1969లో మిసిసిప్పీ స్టీమరు మీద ‘ప్రౌడ్ మేరీ’ పాడి ఊపేసిన క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వాళ్లదీ కాలిఫోర్నియాయే. అమెరికాలో నది పాటలు ఎక్కువగా నది ఒడ్డున పుట్టలేదు. నది మీద ఆశ ఉన్నచోట పుట్టాయి.

సిమన్స్‌కు ఆ ఆశ పుస్తకాల నుంచి వచ్చింది. బడిలో చదివిన మార్క్ ట్వేన్ కథలు, టామ్ సాయర్, హకిల్‌బరీ ఫిన్ తన మనసులో ఉన్నాయని చెప్పాడు. పాటలో ఉన్న తెప్ప హక్ ఫిన్ తెప్పే. ఆ తెప్పను కాస్త దగ్గర నుంచి చూద్దాం.

పుస్తకంలో ఆ తెప్ప మీద ఇద్దరున్నారు. హక్ తాగుబోతు తండ్రి నుంచి పారిపోయిన కుర్రాడు. జిమ్ నల్లజాతి బానిస. అతని యజమానురాలు 800 డాలర్లకు దిగువన న్యూ ఓర్లిన్స్‌కు అమ్మేయబోతోందని విని పారిపోయాడు. వాళ్లు పగలు పొదల్లో దాక్కుని రాత్రుళ్లు ప్రయాణం చేస్తారు. కైరో అనే ఊరి దగ్గర ఒహాయో నది వచ్చి కలుస్తుంది. అక్కడ దిగి ఒహాయో మీదుగా ఎగువకు పోతే జిమ్ బానిసత్వం లేని రాష్ట్రాలకు చేరతాడు. పొగమంచులో ఆ ఊరు దాటిపోతుంది. ఆ తర్వాత తెప్ప మెల్లగా తేలే ప్రతి మైలూ జిమ్‌ను బానిసల సంతలకు దగ్గర చేస్తుంటుంది. వెన్నెల, నిశ్శబ్దం, నీళ్ల చప్పుడు అన్నీ ఉంటాయి. హక్‌కు అది సెలవుల్లా ఉంటుంది. జిమ్‌కు గుండె గొంతులో ఉంటుంది.

సిమన్స్ తెప్ప మీద జిమ్ లేడు. నేనిది నేరారోపణగా అనడం లేదు. నాలుగు నిమిషాల పైచిలుకు పాట, అందులో అంతా పట్టదు. కానీ పాటలో ఆ తొందరలేనితనం ఎలా కుదిరిందో తెలియాలంటే, తెప్ప మీది నుంచి ఎవరిని దింపేశారో చూడాలి కదా.

ట్వేన్‌కు ఈ తేడా బాగా తెలుసు. రచయిత కాకముందు ఆయన స్టీమరు పైలట్. 1859లో లైసెన్సు తెచ్చుకున్నాడు, అంతర్యుద్ధం వచ్చి 1861లో ఆ పని పోయింది. 1883 నాటి తన మిసిసిప్పీ జ్ఞాపకాల పుస్తకంలో ఒకచోట రాస్తాడు: పని నేర్చుకోకముందు సూర్యాస్తమయం చూసి మైమరచిపోయేవాణ్ని, నేర్చుకున్నాక అదే ఎర్రదనం చూస్తే రేపు గాలి వీస్తుందని లెక్క, నీటి మీద ఆ అందమైన గీత చూస్తే కింద రాత్రికి ఎవరి పడవనో చీల్చే దిబ్బ ఉందని లెక్క. నది తెలిశాక నది అందం పోయిందని ఆయన బాధ. ‘బ్లాక్ వాటర్’ పైలట్ పాట కాదు, ప్రయాణికుడి పాట. తెడ్డు పట్టినవాడు ఇంత తీరిగ్గా పాడలేడు.

మరి ఆ నది మీద బరువులు మోసినవాళ్ల పాట ఏది? అది కూడా పుట్టింది న్యూయార్క్ రంగస్థలం మీదే. 1927 డిసెంబరులో ‘షో బోట్’ నాటకం కోసం జెరోమ్ కెర్న్, ఆస్కార్ హామర్‌స్టైన్ చేసిన ‘ఓల్ మ్యాన్ రివర్’. ఆ ఏడాదే వసంతంలో మిసిసిప్పీకి మహా వరద వచ్చింది. కరకట్టలు తెగి 6 లక్షల మందికి పైగా కట్టుబట్టలతో మిగిలారు. మిసిసిప్పీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ దగ్గర నల్లజాతి కూలీల చేత తుపాకులు చూపించి కట్టల మీద పని చేయించారు. ఆ పాటలో రేవు కూలీ జో అనేది ఇదే: మేం మూటలు మోస్తున్నాం, చచ్చేలా కష్టపడుతున్నాం, ముసలి నదికి అంతా తెలుసు, ఏమీ అనదు, అలా పారుతూనే ఉంటుంది. నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ దాన్ని పాడి పాడి, కొన్నాళ్లకు మాటలే మార్చేశాడు. బతుకు విసుగు, చావంటే భయం అనే చోట, చచ్చేదాకా పోరాడతాను అని పాడాడు.

ఇక్కడ మన దేశం వాళ్లు ఒకరు కథలోకి వస్తారు. అస్సాం గాయకుడు భూపేన్ హజారికా 1949లో చదువు కోసం న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ రోబ్సన్‌తో పరిచయం. తిరిగొచ్చాక ఆ పాట ప్రేరణతో అస్సామీలో ‘బిస్తీర్ణ పారోరే’ కట్టారు. హిందీలో ‘గంగా బహతీ హో క్యోం’గా మీలో చాలామంది విన్నదే. ఇటూ అటూ ఒడ్డున ఇంతమంది ఏడుస్తుంటే నువ్వు సిగ్గులేకుండా ఎందుకు పారుతున్నావు అని నదిని నిలదీస్తారు. రోబ్సన్ పాటలో నది పట్టించుకోదు. హజారికా పాటలో ఎందుకు పట్టించుకోవని తిడతారు. సిమన్స్ పాటలో, పారు, అలాగే పారు, నాకు బావుంది అంటాడు. నది చేసే పని మూడు పాటల్లోనూ ఒకటే. అడిగేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నదే తేడా, ఒడ్డున మూటతోనా, తెప్ప మీద వెల్లకిలానా. నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే.

ఇక ఆ వర్జీనియా ఏటి సంగతి. ఇది నాకు భలే ఇష్టమైన కథ. అప్పట్లో పాట రేడియోకు వెళ్లాలంటే 7 అంగుళాల రికార్డు, నిమిషానికి 45 చుట్లు. మన ఇళ్లలో ఉండే సినిమా పాటల చిన్న రికార్డులకు ఏ వైపైనా ఒకటే, రెండు వైపులా కావలసిన పాటలే. అమెరికాలో అలా కాదు. ఎ సైడ్ అంటే కంపెనీ డబ్బు పెట్టి ప్రచారం చేసే పాట. వెనక బి సైడ్, రికార్డుకు ఇంకో వైపు ఉంది కాబట్టి ఏదో ఒకటి ఉండాలి గనుక. ఇంకో సంగతి, రికార్డు అమ్మకాల మీద ఎ సైడ్ రాసినవాడికి ఎంత వస్తుందో బి సైడ్ రాసినవాడికీ అంతే వస్తుంది. ఎవరూ వినకపోయినా సరే. అందుకని బి సైడ్ ఎవరిదన్న దాని మీద బృందాల్లో మాటా మాటా వస్తుండేది.

1974 ఆల్బమ్ పేరు తెలుగులో చెప్పాలంటే ‘అప్పటి దురలవాట్లే ఇప్పటి అలవాట్లు’. దాని నుంచి మొదటి సింగిల్, అంటే విడిగా వదిలిన చిన్న రికార్డు, జాన్‌స్టన్ పాట, ‘అనదర్ పార్క్, అనదర్ సండే’. వెనక వైపు ‘బ్లాక్ వాటర్’. ఎ సైడ్ అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 32వ స్థానం దాకా పోయి ఆగింది. ఆ పాటలో రేడియో వింటే దిగులేస్తోంది అనే అర్థంలో ఒక మాట ఉంది, రేడియోవాళ్లకు అది రుచించలేదని జాన్‌స్టన్ చెప్పాడు. రేడియోలో వెయ్యమని పంపిన పాటలో రేడియోనే తిడితే ఎవరు వేస్తారండీ! (నవ్వులు) తర్వాత వచ్చిన సింగిల్స్ కూడా అంతంతమాత్రమే. కంపెనీ ఆ ఆల్బమ్ మీద ఆశ వదులుకునే దశ.

వర్జీనియాలో రోనోక్ అని ఒక మధ్యరకం ఊరు ఉంది. అక్కడ డబ్ల్యూ.ఆర్.ఓ.వి. అనే రేడియో స్టేషన్. ఊరికి దగ్గర్లో ఒక ఏరు పారుతుంది, దాని పేరు బ్లాక్‌వాటర్. బ్లూ రిడ్జ్ కొండల్లో పుట్టి, 1960ల్లో కట్టిన ఆనకట్ట వెనక స్మిత్ మౌంటెన్ సరస్సులో కలుస్తుంది. దొంగసారా బట్టీలకు పేరుమోసిన ఫ్రాంక్లిన్ కౌంటీ అది. రికార్డు తిప్పి చూస్తే తమ ఏటి పేరుతో పాట! వేశారు. జనం ఫోన్లు చేశారు, మళ్లీ వేశారు. పాటలో మిసిసిప్పీ అని స్పష్టంగా ఉంది, రెండు సార్లు వింటే ఎవరికైనా తెలుస్తుంది. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. తమ ఏటికి పాట వచ్చిందనుకున్నాక మళ్లీ కాదంటే ఒప్పుకుంటారా?

ఊరి గొడవ చుట్టుపక్కలకు పాకింది, కంపెనీ చెవిన పడింది. ఆ ఏడాది చివర్లో వార్నర్ బ్రదర్స్ ‘బ్లాక్ వాటర్’ను ఎ సైడ్‌గా మళ్లీ విడుదల చేసింది. 1975 మార్చి 15న బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్. ఒక్క వారమే. కానీ ఆ బృందానికి అదే మొదటి నంబర్ వన్, అదీ జాన్‌స్టన్ విసురు పాటతో కాకుండా సిమన్స్ గిటారుతో. అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేసి ఏడాది కూడా కాలేదు, వియత్నాం యుద్ధం ముగియడానికి ఇంకా నెలన్నర ఉంది. అంతకుముందు వారం మొదటి స్థానంలో ఉన్న ఒలీవియా న్యూటన్-జాన్ పాట కూడా కాస్త నెమ్మదించమనే చెబుతుంది. పేపరు తెరిస్తే టెన్షన్, రేడియో పెడితే తెప్ప. జనం దేన్ని ఎంచుకుంటారు?

ప్రశ్నలు ఉన్నాయంటున్నారు. ఒక్కటి తీసుకుంటాను. (సభలో ప్రశ్న: చివర్లో వచ్చే ‘డిక్సీలాండ్’ మాటకు ఇప్పుడు అభ్యంతరాలు ఉన్నాయి కదా?) ఉన్నాయండీ. డిక్సీ అంటే బానిసత్వం నాటి దక్షిణాది రాష్ట్రాలకు ముద్దుపేరు. 2020లో ఒక పేరున్న కంట్రీ సంగీత బృందం తమ పేరులోంచి ఆ మాట తీసేసింది. డూబీ బ్రదర్స్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికిందీ ఆ ఏడాదే. ఈ పాటలో ఆ మాట న్యూ ఓర్లిన్స్ పాత జాజ్ సంగీతం గురించి వస్తుంది, రాజకీయం గురించి కాదు. అయినా జిమ్ గురించి చెప్పాను కదా, ఆ మాట చెవిన పడగానే అతను గుర్తొస్తే తప్పులేదు. నేనైతే పాట ఆపను. గుర్తుతోనే వింటాను.

ఇక ఆ చివరి భాగం నిర్మాణం ఒక్కటి మిగిలింది. వాయిద్యాలన్నీ ఆగిపోతాయి, గొంతులు మాత్రమే. ఒక గొంతు ఒక వాక్యం ఎత్తుకుంటుంది. అది పూర్తయ్యేలోపే రెండోది ఇంకో వాక్యంతో దాని మీదికి వస్తుంది, మూడోది వాటి సందులో దూరుతుంది. మూడూ ఎవరి దారిన వాళ్లు తిరుగుతుంటాయి, ఎక్కడా ఢీకొట్టుకోవు. టెంపుల్‌మన్ నిర్మాత కాకముందు హార్పర్స్ బిజార్ అనే బృందంలో ఉండేవాడు. వాళ్ల 1967 హిట్లో కూడా ఇలా వాయిద్యాలు ఆపి గొంతులతో ఆడుకోవడం ఉంది. కాబట్టి అలవాటైన చేతి పనే. కానీ అక్కడ అది అలంకారంలా ఉంటుంది, ఇక్కడ అవసరంలా ఉంటుంది. అంతవరకూ ఒంటరిగా తేలిన మనిషి ఆ చోట ఒక్కసారిగా గుంపులో పడతాడు. బార్ల వెలుతురు, డాన్సు, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లే అమ్మాయి.

సౌండ్ చూసుకుంటున్న తమ్ముడూ, మూడు నిమిషాల దగ్గర నుంచి మళ్లీ పెడతావా? ఎడమ వైపు కూర్చున్నవాళ్లు మొదటి గొంతును పట్టుకోండి, మధ్యలోవాళ్లు రెండోదాన్ని, కుడి వైపువాళ్లు మూడోదాన్ని. మాటలు రాకపోయినా ఫరవాలేదు, వరస హమ్ చేయండి. ఎవరి గొంతు తప్పిపోతే వాళ్లు మళ్లీ మొదటి మాట వచ్చేదాకా ఆగి అందుకోండి. పెట్టు బాబూ.